కాన్సరు చికిత్స

కాన్సరు చికిత్స అనగా శరీరంలో అదుపు తప్పి పెరుగుతున్న జీవకణాలను తొలగించుటకు, చంపుటకు లేదా వాటి పెరుగుదలను ఆపుటకు ఆధునిక వైద్యంలో వాడే పద్ధతుల సముదాయం. శస్త్రచికిత్స, వికిరణ చికిత్స, రసాయన చికిత్స (కీమోథెరపీ) అనే మూడు పాత పద్ధతులకు తోడుగా హార్మోను చికిత్స, గురి చికిత్స, రోగనిరోధక చికిత్స అనేవి తరువాతి కాలంలో వచ్చి చేరాయి. సాధారణంగా ఒక రోగికి వీటిలో రెండో మూడో కలిపి ఇస్తారు. రసాయన చికిత్స పుట్టుకలో భీమవరానికి చెందిన ఎల్లాప్రగడ సుబ్బారావు పాత్ర ఉండుట వలన ఈ విషయానికి తెలుగువారితో దగ్గర సంబంధం ఉన్నది.

పేరు

తెలుగులో ఈ వ్యాధిని పూర్వం రాచపుండు, పుట్టకురుపు, కర్కటవ్రణం అని వ్యవహరించేవారు. కర్కటం అంటే ఎండ్రకాయ. ప్రాచీన గ్రీకు వైద్యులు కూడా ఎండ్రకాయ అనే అర్థం వచ్చే మాటతోనే ఈ వ్యాధిని పిలిచారు. కాన్సరు అనే మాట లాటిన్‌లో అదే అర్థం గలది. వాడుకలో ఇది ఒకే పేరు అయినప్పటికీ ఒకే జబ్బు కాదు. రొమ్ము కాన్సరు, రక్త కాన్సరు, నోటి కాన్సరు వేరువేరు వ్యాధులు. వీటి చికిత్సలు కూడా వేరు. "కాన్సరుకు మందు కనిపెట్టారు" అని పత్రికలలో వచ్చే శీర్షికలను ఈ కారణం చేతనే జాగ్రత్తగా చదవవలసి ఉంటుంది.

వ్యాధి స్వభావం

శరీరంలో కణాలు అవసరం మేరకు విభజన చెందుతాయి, పాతబడిన తరువాత చనిపోతాయి. ఈ క్రమాన్ని నడిపే జన్యువులు చెడినప్పుడు ఒక కణం ఆగకుండా రెండుగా, నాలుగుగా పెరిగిపోతుంది. అలా పెరిగిన కణాల ముద్దనే కంతి లేదా గడ్డ అంటున్నాము. ప్రతి గడ్డ కాన్సరు కాదు. చుట్టుపక్కల కణజాలంలోకి చొచ్చుకొనిపోయి, రక్తం ద్వారానో శోషరస నాళాల ద్వారానో వేరే అవయవాలకు పాకగలిగినదే కాన్సరు.

చికిత్స కష్టమగుటకు మూల కారణం ఒకటి ఉన్నది. క్షయ, మలేరియా వంటి జబ్బులలో శత్రువు బయటినుండి వచ్చిన సూక్ష్మజీవి. దానికీ మన కణాలకూ తేడా ఎక్కువ. కాన్సరు కణం మన శరీరంలోని కణమే. దానిని చంపే మందు మంచి కణాన్ని కూడా ఎంతో కొంత దెబ్బతీస్తుంది. కనుక ప్రతి చికిత్సా పద్ధతి కాన్సరు కణానికీ మామూలు కణానికీ మధ్య ఉన్న ఏదో ఒక తేడాను ఆధారం చేసుకొని పని చేస్తుంది. ఆ తేడా ఏమిటో తెలిస్తే చికిత్స పని చేసే తీరు, దాని దుష్ఫలితాలు రెండూ అర్థమవుతాయి.

ముక్క పరీక్ష, దశలు

ఏ చికిత్సకైనా ముందు గడ్డ నుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. దీనిని బయాప్సీ అనీ, వాడుకలో ముక్క పరీక్ష అనీ అంటారు. కత్తి గాని సూది గాని తగిలితే జబ్బు పాకిపోతుందని పల్లెలలో గట్టి నమ్మకం ఉన్నది. ఈ భయంతో నెలల తరబడి పసరు మందులతో, కట్లతో కాలం గడిపి, గడ్డ పగిలి పుండు పడిన తరువాత ఆసుపత్రికి వచ్చేవారు నేటికీ ఉన్నారు. నిజానికి వైద్యులు పద్ధతి ప్రకారం చేసే ముక్క పరీక్ష వలన కాన్సరు పాకుట చాలా అరుదు. వృషణం వంటి కొన్ని చోట్ల మాత్రం సూది గుచ్చకుండా నేరుగా ఆపరేషను చేస్తారు. అది వైద్యులు ముందే ఎరిగి పాటించే నియమం. పరీక్ష లేకుండా గడచిపోయే నెలలలో జబ్బు పాకే ప్రమాదమే అసలు ప్రమాదం.

గడ్డ పరిమాణం, పక్కన ఉన్న శోషరస గ్రంథులకు పాకినదా, దూరపు అవయవాలకు పాకినదా అనే మూడు అంశాలను బట్టి వ్యాధిని ఒకటి నుండి నాలుగు దశలుగా విభజిస్తారు. మొదటి దశలలో నయం చేయుట లక్ష్యం. నాలుగవ దశలో ఎక్కువ రకాలకు జబ్బును అదుపులో ఉంచుట, బాధ తగ్గించుట లక్ష్యం. అయితే ఈ విషయంలో మినహాయింపులు ఉన్నాయి. వృషణాల కాన్సరు పాకిన తరువాత కూడా చాలామందిలో పూర్తిగా నయమవుతుంది.

శస్త్రచికిత్స

ఒకే చోట ఉన్న గడ్డకు అన్నిటికంటె పాత చికిత్స, నేటికీ ప్రధాన చికిత్స ఇదే. 1846లో మత్తుమందు, 1867లో జోసెఫ్ లిస్టర్ ప్రతిపాదించిన క్రిమినాశక పద్ధతి వచ్చిన తరువాతనే పెద్ద ఆపరేషన్లు సాధ్యమైనాయి. గడ్డతో పాటు దాని చుట్టూ కొంత మంచి కణజాలాన్ని కూడా తీస్తారు. తీసిన ముక్క అంచులలో కాన్సరు కణాలు లేవని పరీక్షలో తేలాలి.

పంతొమ్మిదవ శతాబ్దం చివర అమెరికా వైద్యుడు విలియం హాల్‌స్టెడ్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా తొలగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఎంత ఎక్కువ కోస్తే అంత మేలు అనే ఈ భావన సుమారు డెబ్బై సంవత్సరాలు చెలామణి అయినది. బెర్నార్డ్ ఫిషర్ ఆధ్వర్యంలో 1970ల నుండి జరిగిన పరిశోధనలు దీనిని తారుమారు చేశాయి. తొలి దశలో గడ్డను మాత్రమే తీసి, మిగిలిన రొమ్ముకు వికిరణ చికిత్స ఇచ్చినా, మొత్తం రొమ్ము తీసినా బతికి ఉండే అవకాశం సమానమే అని తేలినది.

నోటి కాన్సరులో దవడలో కొంత భాగం తీసివేసి, ఛాతీ నుండి గాని కాలి నుండి గాని కండను, ఎముకను తెచ్చి అతికించే ఆపరేషన్లు చేస్తున్నారు. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉన్న గుంటూరు ప్రాంతంలో, ఆ పక్కనున్న పల్నాటిలో, చుట్ట, బీడీ, గుట్కా అలవాటు గురించి వేరే చెప్పనక్కరలేదు. ఉత్తర కోస్తాలో స్త్రీలు చుట్టను వెలిగించిన కొనను నోటిలోనికి పెట్టుకొని పీల్చే అడ్డపొగ అలవాటు వలన అంగిటి కాన్సరు వస్తుందని చాలాకాలం క్రిందటనే గుర్తించారు.

వికిరణ చికిత్స

రేడియేషన్ అనబడే ఈ చికిత్సను పల్లెలలో "కరెంటు పెట్టడం" అంటారు. దీనికీ కరెంటుకూ సంబంధం లేదు. రోగికి షాకు కొట్టదు, నొప్పి తెలియదు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను, 1898లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్న కొద్ది కాలానికే వీటిని కాన్సరు గడ్డలపై వాడుట మొదలైనది. 1951లో కెనడాలో కోబాల్టు-60 యంత్రాలు, 1953లో లండనులో లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం చికిత్సకు వచ్చాయి.

శక్తివంతమైన కిరణాలు కణంలోని డి.ఎన్.ఎ. పోగులను తెంపుతాయి. మామూలు కణం తెగిన పోగును కొన్ని గంటలలో చాలావరకు సరిచేసుకుంటుంది. కాన్సరు కణాలలో ఈ మరమ్మతు యంత్రాంగం తరచు లోపించి ఉంటుంది, చెడిన డి.ఎన్.ఎ.తోనే విభజనకు సిద్ధపడి చనిపోతుంది. ఈ తేడాను వాడుకొనుటకే మొత్తం మోతాదును ఒకేసారి ఇవ్వకుండా చిన్న చిన్న భాగాలుగా, సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున, కొన్ని వారాల పాటు ఇస్తారు. రోజుకూ రోజుకూ మధ్య విరామం మంచి కణాలు కోలుకొనుటకు. పండుగ వచ్చిందనో, కోతలు వచ్చాయనో మధ్యలో వారం రోజులు మానివేస్తే ఆ విరామంలో కాన్సరు కణాలు కూడా తిరిగి పుంజుకుంటాయి. ముఖ్యంగా తల, మెడ, గర్భాశయ ముఖద్వార కాన్సర్లలో చికిత్సకాలం పొడిగిన కొద్దీ నయమయ్యే అవకాశం తగ్గుతుంది.

బయటి యంత్రంతో చికిత్స పొందిన రోగి శరీరం నుండి కిరణాలు వెలువడవు. ఇంట్లో వారితో, చంటిబిడ్డలతో కలిసి ఉండవచ్చును. చర్మంపై వైద్యులు గీసిన గుర్తులను మాత్రం చెరిగిపోకుండా కాపాడుకోవాలి, ఎందుకంటే కిరణాల గురి వాటిని బట్టే కుదురుతుంది.

కిరణమూలాన్ని గడ్డ లోపలనే గాని పక్కనే గాని ఉంచి చేసే పద్ధతిని బ్రాకీథెరపీ అంటారు. గర్భాశయ ముఖద్వార కాన్సరులో ఇది తప్పనిసరి భాగం. కృష్ణా జిల్లా మంటాడలో జన్మించిన నోరి దత్తాత్రేయుడు న్యూయార్కులో ఈ పద్ధతి అభివృద్ధిలో పేరు పొందాడు. ఆయనకు 2015లో పద్మశ్రీ పురస్కారం లభించినది.

రసాయన చికిత్స

శస్త్రచికిత్స, వికిరణం రెండూ ఉన్నచోటనే పని చేస్తాయి. రక్త కాన్సరుకు కోయుటకు గడ్డ ఉండదు. పాకిన కాన్సరు ఎక్కడెక్కడ ఉన్నదో తెలియదు. రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగే మందు అవసరం అక్కడ వచ్చినది. మొదటి మందు యుద్ధం నుండి వచ్చినది. మస్టర్డ్ వాయువు తగిలిన సైనికులలో తెల్ల రక్తకణాలు పడిపోవుట గమనించి, 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్మన్ దానికి సంబంధించిన నైట్రోజన్ మస్టర్డును లింఫోమా రోగికి ఇచ్చారు. గడ్డలు కరిగాయి గాని కొద్ది వారాలలో తిరిగి వచ్చాయి.

రెండవ దారి సుబ్బారావుది. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1920లలో అమెరికా వెళ్ళి, హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఆయన సోదరులు స్ప్రూ అనే వ్యాధితో మరణించారని జీవితచరిత్రలు చెబుతాయి. ఆ వ్యాధికి పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం ప్రయోగశాలలో తయారుచేసి 1945లో ప్రకటించినది. కొత్త కణం పుట్టాలంటే డి.ఎన్.ఎ. కావాలి, డి.ఎన్.ఎ. తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిని పోలిన నకిలీ పదార్థాన్ని ఇస్తే కణం మోసపోతుంది. ఆ నకిలీ అణువు ఫోలిక్ ఆమ్లంతో పనిచేసే ఎంజైమును పట్టుకొని వదలదు. తాళంలో దూరి విరిగిపోయిన చెవి వంటిది. ఇటువంటి పదార్థాలనే సుబ్బారావు బృందం తయారుచేసి బోస్టనులోని బాలల వైద్యుడు సిడ్నీ ఫార్బరుకు పంపినది. వాటిలో అమినోప్టెరిన్ అనే దానిని ఆయన రక్త కాన్సరుతో బాధపడుతున్న పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మందిలో 10 మందికి మెరుగు కనిపించినది. అది తాత్కాలికమే. అయినా అంతకు ముందు ఆ జబ్బుకు ఏ మందూ పనిచేయలేదు. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టు 8న మరణించాడు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్త కాన్సరు చికిత్సలో ముఖ్యమైన మందు. 1956లో ఈ మందుతోనే, మాయ కణాల నుండి పుట్టే కోరియోకార్సినోమా అనే కాన్సరును మొదటిసారి పూర్తిగా మాన్పగలిగారు. భారత తపాలా శాఖ 1995లో సుబ్బారావు స్మారకంగా బిళ్ళ విడుదల చేసినది. ఆయనకు నోబెల్ బహుమతి రాకపోవుటను తెలుగువారు తరచు తలచుకుంటారు. మందు సీసా మీద పేరు లేకపోవుట అంతకంటె పెద్ద లోటని చెప్పవచ్చును.

(కీళ్ళవాతానికి కూడా మెథోట్రెక్సేట్ మాత్రలు ఇస్తారు. అవి వారానికి ఒకసారి వేసుకొనేవి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.)

తరువాత వచ్చిన మందులు వేరువేరు చోట్ల దెబ్బ తీస్తాయి. మన పెరళ్ళలో పెరిగే బిళ్ళగన్నేరు మొక్క నుండి తీసిన విన్‌క్రిస్టిన్ కణం రెండుగా చీలే దారపు కదురును పాడుచేస్తుంది. సిస్‌ప్లాటిన్ అనే ప్లాటినం మందు డి.ఎన్.ఎ. పోగులను ఒకదానికొకటి అంటగడుతుంది. ఒకే మందు ఇస్తే దానికి లొంగని కణాలు మిగిలిపోయి పెరుగుతాయి గనుక, వేరువేరు విధాలుగా పనిచేసే మందులను కలిపి ఇచ్చే పద్ధతి 1960లలో స్థిరపడినది.

ఈ మందులు ఆధారపడే తేడా విభజన వేగం. త్వరగా విభజన చెందే కణమే ఎక్కువ దెబ్బ తింటుంది. అయితే వెంట్రుకల కుదుళ్ళు, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముక మూలుగ కూడా వేగంగా విభజన చెందేవే. జుట్టు రాలుట, నోటిపూత, విరేచనాలు, రక్తం తగ్గుట అందువలననే. జుట్టు తరువాత తిరిగి వస్తుంది. వాంతులు వేరే దారిన, మెదడులోని వాంతి కేంద్రం ప్రేరేపింపబడుట వలన వస్తాయి. 1990ల మొదట్లో వచ్చిన ఆన్‌డాన్‌సెట్రాన్ వంటి మందులతో ఇవి చాలావరకు తగ్గాయి. సూది మందు ఇచ్చిన ఒకటి రెండు వారాలలో తెల్లకణాలు అడుగుకు చేరతాయి. ఆ రోజులలో జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ఇంట్లో మాత్ర వేసుకొని వేచి ఉండరాదు. అది అత్యవసర పరిస్థితి, రాత్రి అయినా ఆసుపత్రికి చేరాలి.

మూలుగ కోలుకొనుటకు తరచు మూడు వారాల వ్యవధితో మందు ఇస్తారు. ఒక్కొక్క విడతను సైకిల్ అంటారు. ఆరు విడతలు చెప్పిన చోట రెండు విడతలకే గడ్డ కనబడకుండా పోవచ్చును. "తగ్గిపోయింది గదా" అని మానివేయుట ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. హోవర్డ్ స్కిప్పర్ 1960లలో ఎలుకలపై చేసిన ప్రయోగాలలో తేలినదేమంటే, ఒక విడత మందు ఇన్ని కణాలు అని కాకుండా ఉన్నవాటిలో ఇంత వంతు అని చంపుతుంది. సెంటీమీటరు గడ్డలో సుమారు 100 కోట్ల కణాలు ఉంటాయి. విడతకు నూటికి 99 చనిపోతాయని అనుకుంటే, మొదటి విడత తరువాత కోటి, రెండవ దాని తరువాత లక్ష మిగులుతాయి. లక్ష కణాలు ఏ స్కానుకూ కనబడవు. మూడవ విడతకు వెయ్యి, నాలుగవ దానికి పది. అసలు రోగిలో లెక్క ఇంత నున్నగా సాగదు, విడతల మధ్య కొన్ని కణాలు తిరిగి పెరుగుతాయి కూడా. కాని మధ్యలో ఆపితే మిగిలేది ఏమిటో దీనివలన తెలుస్తుంది. ఆపరేషను తరువాత గడ్డ లేకపోయినా కీమో ఎందుకు ఇస్తారో కూడా ఈ లెక్కతోనే బోధపడుతుంది.

హార్మోను చికిత్స

కొన్ని రొమ్ము కాన్సర్లు ఈస్ట్రోజెన్ హార్మోను మీద, ప్రోస్టేట్ కాన్సర్లు పురుష హార్మోను మీద ఆధారపడి పెరుగుతాయి. ఆ హార్మోనును ఆపితే అవి కుదించుకుపోతాయి. చార్లెస్ హగిన్స్ 1941లో ప్రోస్టేట్ విషయంలో దీనిని నిరూపించి 1966లో నోబెల్ బహుమతి పొందాడు. టామాక్సిఫెన్ మాత్రను రొమ్ము కాన్సరులో ఐదు నుండి పది సంవత్సరాలు వాడతారు. చౌక మందు, చేసే మేలు పెద్దది.

గురి చికిత్స

మామూలు కణంలో లేని, కాన్సరు కణంలోనే ఉన్న లోపాన్ని గురిచూసి కొట్టే మందులివి. 1960లో ఫిలడెల్ఫియా నగరంలో దీర్ఘకాలిక మైలాయిడ్ రక్త కాన్సరు రోగులలో ఒక పొట్టి క్రోమోజోము కనబడినది. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారు అగుట వలన ఇది ఏర్పడుతుందని 1973లో జానెట్ రౌలీ కనుగొన్నది. ఆ అతుకు వద్ద పుట్టిన అసహజ మాంసకృత్తు కణాన్ని ఆగకుండా విభజించమని పురమాయిస్తుంది. దాని నోరు మూసే ఇమాటినిబ్ అనే మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి లభించినది. అంతకు ముందు కొన్ని సంవత్సరాలలో ప్రాణం తీసే జబ్బు ఇప్పుడు రోజూ మాత్ర వేసుకొనే మధుమేహం వంటి జబ్బుగా మారినది. రొమ్ము కాన్సరులో సుమారు ఐదింట ఒక వంతు రోగులలో ఉండే హెర్-2 అనే మాంసకృత్తుపై పనిచేసే ట్రాస్టుజుమాబ్ 1998లో వచ్చినది.

ఈ మందులకు ధర పెద్ద అడ్డంకి. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా 2003లో ఇమాటినిబ్‌ను తక్కువ ధరకు విడుదల చేసినది. 2012 మార్చి 9న, కాలేయ, మూత్రపిండ కాన్సర్లలో వాడే సొరాఫెనిబ్‌ను తయారుచేయుటకు అదే సంస్థకు భారతదేశపు మొట్టమొదటి నిర్బంధ లైసెన్సు లభించినది. నెలకు సుమారు 2,80,000 రూపాయలు ఉన్న మందు ధర 8,880 రూపాయలకు మించరాదని అందులో నిర్ణయించారు. ఇమాటినిబ్ పేటెంటు వివాదంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ కంపెనీ వాదనను తోసిపుచ్చినది.

రోగనిరోధక చికిత్స

మన రోగనిరోధక కణాలు కాన్సరు కణాన్ని గుర్తించి చంపగలవు. కాని వాటికి స్వయంగా కళ్ళెం వంటి ఏర్పాటు ఉన్నది, లేకపోతే అవి సొంత శరీరాన్నే తింటాయి. కాన్సరు కణం ఈ కళ్ళేన్ని లాగి తప్పించుకుంటుంది. ఆ కళ్ళేన్ని వదిలించే మందులకు దారి చూపిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజో 2018లో నోబెల్ బహుమతి పొందారు. చర్మపు మెలనోమా, ఊపిరితిత్తుల కాన్సరు వంటి వాటిలో ఇవి కొంతమందికి అద్భుతంగా పనిచేస్తాయి, అందరికీ కాదు. కళ్ళెం తీసినందువలన థైరాయిడ్, పేగులు, ఊపిరితిత్తులు వాచే దుష్ఫలితాలు వస్తాయి.

రోగి టి-కణాలను బయటకు తీసి, జన్యుమార్పిడి చేసి తిరిగి ఎక్కించే కార్-టి చికిత్స 2017లో అమెరికాలో అనుమతి పొందినది. బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన ఇటువంటి చికిత్సకు 2023 అక్టోబరులో భారత ప్రభుత్వ అనుమతి లభించినది.

ఈపూరు, పల్నాడు ప్రాంతంలో చికిత్స

ఈపూరు పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడక ముందు గుంటూరు జిల్లాలో ఉండేది. ఇక్కడివారికి మొదటి మెట్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, తరువాత వినుకొండ, నరసరావుపేట ఆసుపత్రులు. మూడు వారాలు మానని నోటి పుండు, తెల్లమచ్చ, రొమ్ములో నొప్పి లేని గడ్డ, ముట్లు ఆగిన తరువాత రక్తస్రావం — వీటితో ఎవరు వచ్చినా పెద్ద ఆసుపత్రికి పంపుట అవసరం. నొప్పి లేదు గనుక ప్రమాదం లేదనుకొనుట పొరపాటు. తొలి దశ కాన్సరు గడ్డ తరచు నొప్పి పెట్టదు.

గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు సహకారంతో నిర్మించిన కాన్సరు విభాగం 2020లో ప్రారంభమైనది. హైదరాబాదులో 1955 నుండి ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి ఉన్నది. నందమూరి తారక రామారావు సతీమణి బసవతారకం పేరిట నిర్మించిన ఇండో-అమెరికన్ కాన్సరు ఆసుపత్రిని 2000 జూన్ 22న నాటి ప్రధాని వాజపేయి ప్రారంభించాడు. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రానికి చెందిన హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి ఉన్నది. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై, ప్రభుత్వాలతో పాటు పేరు మారుతూ వచ్చిన పథకం కింద ఆపరేషను, కీమో, రేడియేషన్ ఖర్చులను అర్హులైన కుటుంబాల తరఫున ప్రభుత్వం భరిస్తుంది. దారి ఖర్చు, ఆరు వారాల బస, పోయిన కూలి డబ్బులు మాత్రం రోగి కుటుంబం మీదనే పడతాయి. చికిత్స మధ్యలో మానుటకు దుష్ఫలితాల కంటె ఇదే ఎక్కువ కారణమైన ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఉపశమన చికిత్స

నయం కాని దశలో కూడా చేయవలసిన వైద్యం ఉన్నది. నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్ల వాసన తగ్గించి రోగికి నిద్ర, మాట, తిండి దక్కేటట్లు చూచుట ఉపశమన చికిత్స. తీవ్రమైన కాన్సరు నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ మాత్ర ముఖ్యమైన మందు. ఇది నల్లమందు నుండి వచ్చినది గనుక అలవాటు పడిపోతారని రోగులూ, కొందరు వైద్యులూ భయపడతారు. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికి తగిన మోతాదు వాడే కాన్సరు రోగులలో వ్యసనం అరుదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం నియమాల వలన చాలా ఆసుపత్రులు దీనిని నిలువ ఉంచుట మానుకున్నాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు అనుమతి విధానాన్ని సులభతరం చేశారు. మాత్రతో పాటు మలబద్ధకానికి మందు కూడా మొదటి రోజు నుండే ఇస్తారు.